నడక ఒక్కటే చాలదు: ఎముకకు బరువు అలవాటు చేయడం, మొదటి రోజు నుంచి ఏడాది దాకా

మా అమ్మ పదిహేనేళ్ళ పాటు రోజూ పొద్దున్నే నడిచింది. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా వీధి నుంచి మహేంద్రతనయ నది ఒడ్డు దాకా వెళ్ళి రావడం, ముసురు పట్టిన రోజుల్లో తప్ప ఎప్పుడూ మానలేదు. అలాంటి మనిషి మూడేళ్ళ కిందట పెరట్లో బట్టల బకెట్టుతో తడి గచ్చు మీద జారి పక్కకి పడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మంచం మీద పడుకుని ఒకటే మాట అడిగేది: "రోజూ నడిచేదాన్ని కదే, నాకెందుకిలా అయింది?"

నాకు జవాబు తెలియలేదు. ఆపరేషన్ చేసిన చోట ఎముక అతికించారు గానీ, నిలబడిన మనిషి కింద పడితేనే అది ఎందుకు విరిగిందో ఎవరూ చూడలేదు, పరీక్ష చేయించమని ఒక్కరూ చెప్పలేదు. రెండు నెలలయ్యాక మేమే బరంపురం తీసుకెళ్ళి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే టీ స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 3.1 వచ్చింది. అంటే ఎముకలు ఎప్పుడో గుల్లబారిపోయాయి, మాకే తెలియదు.

నేను డాక్టర్ని కాను. చిన్నప్పుడు జిల్లా స్థాయి దాకా ఖోఖో ఆడాను, ఇప్పుడు పిల్లలకు ఆటలు నేర్పుతాను. అమ్మ పడ్డాక దొరికిందల్లా చదివాను, ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చుని విసిగించి మరీ నేర్చుకున్నాను, రెండేళ్ళుగా మా వీధి ఆడవాళ్ళు పదిమందితో వారానికి మూడు రోజులు చేయిస్తున్నాను. ఆ పద్ధతే ఇక్కడ మొత్తం రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అసలు ఎముక ఏం అడుగుతుంది

ఎముక రాయిలాంటిది, ఒకసారి తయారయ్యాక అలాగే ఉంటుంది అనుకుంటాం. నిజానికి అది రోజూ కొంచెం కొంచెం కరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వేస్తే ఇంకొన్ని కొత్తది పూస్తాయి. ఎక్కడ ఎక్కువ పూయాలన్నది ఆ ఎముక మీద పడే బరువును బట్టి తేలుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సూత్రం చెప్పాడు. టెన్నిస్ ఆడేవాళ్ళను పరీక్షిస్తే రాకెట్ పట్టే చేతి ఎముక గోడ రెండో చేతి కంటే మూడో వంతు దాకా మందంగా కనిపించింది. మనిషి ఒకడే, తిండి ఒకటే, రక్తం ఒకటే, తేడా అంతా దెబ్బ తగిలిన చేతికీ తగలని చేతికీ మధ్య. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళకు ఒంటి బరువే తెలియదు కాబట్టి తుంటి, వెన్ను ఎముకల్లో నెలకు ఒక శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా పోతుంది.

ఇంకో సంగతి, ఎముక అలవాటుపడిన బరువును పట్టించుకోదు. నిన్న మోసినదే ఇవాళ కూడా మోస్తే, ఉన్న ఎముక సరిపోతుందిలే అని ఊరుకుంటుంది. మా అమ్మ నడకలో లోపం అక్కడే ఉంది. నడక గుండెకు మంచిది, షుగర్‌కి మంచిది, మనసుకి మరీ మంచిది, మానమని నేను చచ్చినా చెప్పను. కానీ పదిహేనేళ్ళు ఒకే దారి, ఒకే వేగం. ఆ ఎముకకు కొత్తగా కట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. ఈతగాళ్ళు, సైకిల్ పోటీల్లో తొక్కేవాళ్ళు ఎంత దృఢంగా ఉన్నా వాళ్ళ ఎముకల సాంద్రత పరుగెత్తేవాళ్ళ కంటే, గెంతే ఆటలవాళ్ళ కంటే తక్కువే ఉంటోంది, ఎందుకంటే నీళ్ళలోనూ సీటు మీదా ఒంటి బరువు కాళ్ళ మీద పడదు.

క్రీడాకారుల మాట ఎందుకు తెస్తున్నానంటే, ఈ పాఠం వాళ్ళ ఒంట్లోనే కనిపిస్తుంది, అదీ మన పక్కనే. కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఇటు మన బరంపురం నుంచి కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం కొట్టాడు. ఇంకా వెనక్కి వెళ్తే వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారున్నారు. గరిడీలు, తాలింఖానాలు, పండగలకి సంగిడి రాళ్ళు ఎత్తే పందాలు, ఇవన్నీ సరిహద్దుకి రెండు వైపులా మనం చూసి పెరిగినవే. ఎత్తే పని మగవాళ్ళదని మనమే గీత గీసుకున్నాం. ఎముకలు గుల్లబారేది మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళకి, నెలసరి ఆగిన తర్వాత మొదటి ఐదారేళ్ళలోనే కొందరికి ఐదో వంతు దాకా ఎముక పోతుంది.

మల్లీశ్వరిలా 130 కిలోలు ఎత్తమని ఎవరూ అనడం లేదు. ఆవిడ కూడా ఆ బరువుతో మొదలుపెట్టలేదు, ముందు తక్కువ ఎత్తి, అది తేలికయ్యాక కొంచెం కలిపి, మళ్ళీ కొంచెం కలిపింది. మనం తీసుకోవాల్సింది ఆ పద్ధతే. ఆస్ట్రేలియాలో ఎముక సాంద్రత తగ్గిన 101 మంది పెద్దవయసు ఆడవాళ్ళతో, సగటు వయసు 65, ఇదే చేసి చూశారు. సగం మందికి వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఎనిమిది నెలలు శిక్షకుల కళ్ళెదుట నిజంగా బరువైన ఇనుము ఎత్తించారు, మిగతావాళ్ళకు ఇంట్లో తేలికపాటి వ్యాయామం ఇచ్చారు. ఎత్తినవాళ్ళకు నడుము దగ్గర ఎముక సగటున 2.9 శాతం పెరిగింది, తేలికగా చేసినవాళ్ళకు 1.2 శాతం తగ్గింది. ఒకరికి నడుము కాస్త పట్టేయడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. 2018లో వచ్చిన ఈ ఫలితం చదివిన రోజు అమ్మకి చెప్పాను. "మరి నాకెవరూ చెప్పలేదేంటే" అంది.

మొదటి అడుగు: మీరెక్కడున్నారో చూసుకోండి

బరువు ముట్టుకునే ముందు ఇది తప్పనిసరి. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టర్ని కలిసి డెక్సా స్కాన్ అడగండి: 65 దాటిన ఆడవాళ్ళు, నలభై దాటాక చిన్న పాటుకే ఎముక విరిగినవాళ్ళు, వయసులో ఉన్నప్పటి కంటే ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గినవాళ్ళు, వీపు వంగుతున్నవాళ్ళు, ఆస్తమాకో కీళ్ళవాతానికో మూడు నెలలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్ళు, అమ్మకో నాన్నకో తుంటి విరిగినవాళ్ళు, మరీ సన్నగా ఉన్నవాళ్ళు.

గర్భసంచి ఆపరేషన్ గురించి విడిగా చెప్పాలి. మన వైపు ముప్ఫై ఐదు, నలభైకే తీయించేసుకోవడం ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ ఆ రోజుతో దాదాపు ఆగిపోతుంది, యాభైలో మొదలవ్వాల్సిన నష్టం నలభైకే మొదలవుతుంది. మా గుంపులో పదిమందిలో నలుగురికి ఈ ఆపరేషన్ అయింది, అండాశయాలు ఉంచారో తీశారో వాళ్ళలో ఇద్దరికి తెలియనే తెలియదు. పాత కాగితాలు వెతికి చూసుకోండి, అర్థం కాకపోతే డాక్టర్‌కి చూపించి అడగండి.

స్కాన్‌లో టీ స్కోర్ మైనస్ 1, అంతకంటే పైన ఉంటే మామూలు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు. మైనస్ 2.5, ఇంకా కింద ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. మాత్రలు రాస్తే వేసుకోండి, వ్యాయామం మొదలెట్టాం కదా అని మానకండి.

ఇక ఇంట్లో రెండు చిన్న పరీక్షలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి, పదిహేను సెకన్లలో అయిపోవాలి. గోడ పక్కన ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. ఈ రెండూ రానివాళ్ళు నేరుగా బరువుల్లోకి వెళ్ళకూడదు, రెండో అడుగులోనే రెండు మూడు నెలలు ఉండాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

రెండో అడుగు: మొదటి నాలుగు వారాలు, ఉత్త చేతులతో

కుర్చీ బస్కీతో మొదలుపెట్టండి. గోడకి ఆనించిన గట్టి కుర్చీ ముందు నిలబడి, పిరుదులు వెనక్కి తోస్తూ నెమ్మదిగా మూడు లెక్కపెడుతూ కూర్చోండి, పాదాలతో నేలని తోస్తూ లేవండి. పది చొప్పున రెండు విడతలు. మోకాళ్ళు లోపలికి మడుచుకుపోకుండా కాలివేళ్ళ వైపే చూడాలి. దీనికి తోడు గోడ దండాలు (గోడకి చేతులు ఆనించి తీసే దండీలు) పది, మడమలు ఎత్తి దించడం పదిహేను. పొద్దున పళ్ళు తోముకుంటూ ఒక్కో కాలి మీద నిలబడడం రోజూ చేయొచ్చు, రెండో చేయి గోడ దగ్గర ఉంచుకుని.

అన్నిటికంటే ముఖ్యంగా ఈ నెలలో నేర్చుకోవాల్సింది తుంటి దగ్గర వంగడం. మనం వీపు గుండ్రంగా చేసి వంగుతాం, చీపురు పట్టినా, నాట్లు వేసినా, బిందె ఎత్తినా అంతే. ఎముక గట్టిగా ఉన్నన్నాళ్ళు ఒళ్ళు ఓర్చుకుంటుంది, గుల్లబారాక వెన్నుపూస ముందుభాగం నలిగిపోతుంది. ఒక కర్ర తీసుకుని వీపు వెనక నిలువుగా పట్టుకోండి, తల వెనక, రెక్కల మధ్య, నడుము కింద, ఈ మూడుచోట్లా కర్ర ఆనాలి. ఇప్పుడు మోకాళ్ళు కొంచెం సడలించి పిరుదులు వెనకనున్న గోడకి తగిలేలా తోస్తూ ముందుకి వంగండి, కర్ర ఎక్కడా విడిపోకూడదు. మా గుంపులో లక్ష్మప్పకి ఇది రావడానికి మూడు వారాలు పట్టింది, వచ్చాక "ఇన్నాళ్ళూ నడుం నొప్పి నేనే కొని తెచ్చుకున్నానన్నమాట" అని మిగతావాళ్ళకి తనే నేర్పడం మొదలెట్టింది. రోజూ పది చేయండి, బరువు ఏమీ వద్దు.

మూడో అడుగు: బరువు కలపడం

జిమ్ లేదు, ఇనుప ప్లేట్లు లేవు అని ఆగిపోకండి. ఐదు కిలోల బియ్యం సంచి ఉంది, లీటరు సీసా నిండా నీళ్ళు పోస్తే కిలో, ఇసుక పోస్తే ఇంకా ఎక్కువ. పిల్లల పాత స్కూల్ బ్యాగులో కిలో కిలోగా కట్టిన బియ్యం పొట్లాలు వేసుకుంటే ఎంత కలిపారో లెక్క దొరుకుతుంది. నాకైతే బ్యాగే అన్నిటికంటే పనికొచ్చింది.

వారంలో రెండు లేదా మూడు రోజులు చేయాలి, మధ్యలో ఒక రోజు ఖాళీ. ముందు ఐదు నిమిషాలు ఉన్నచోటే నడిచి, భుజాలు తిప్పి ఒళ్ళు వేడెక్కనివ్వండి. తర్వాత ఈ నాలుగూ చేయండి.

బ్యాగు ఛాతీకి హత్తుకుని కుర్చీ బస్కీ. తుంటికీ తొడ ఎముకకీ ఇదే ముఖ్యం.

నేల మీంచి ఎత్తడం. రెండు పాదాల మధ్య బకెట్టులో బరువు పెట్టి, కర్రతో నేర్చుకున్నట్టే తుంటి దగ్గర వంగి పట్టుకుని, నేలని కాళ్ళతో కిందికి తోస్తున్నట్టుగా లేవాలి. మొదట్లో బకెట్టుని పీట మీద పెట్టుకుంటే వంగే దూరం తగ్గుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, బిగపట్టకండి, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళు.

తల మీదికి ఎత్తడం. రెండు చేతుల్లో రెండు సీసాలు, భుజాల దగ్గర నుంచి నిటారుగా పైకి. భుజం నొప్పి ఉన్నవాళ్ళు గోడ దండాలతోనే సరిపెట్టుకోవచ్చు.

లాగడం. ఒక చేయి బల్ల మీద ఆనించి, వీపు చదునుగా ఉంచి, రెండో చేత్తో సంచిని నడుము పక్కకి లాగాలి. వీపు వంగిపోకుండా నిలబెట్టే కండరాలకి ఇది మంచిది.

ఎంత బరువు? ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఎత్తగలిగి, ఆఖరి రెండూ నిజంగా కష్టమనిపించేది మీ బరువు. మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు కూర్చోండి. పన్నెండూ సులువుగా వచ్చేస్తున్నాయా, రెండు రోజులు వరసగా అలాగే వచ్చాయా, అయితే మరుసటి వారం కిలో కలపండి. ఈ కలపడం దగ్గరే అందరూ ఆగిపోతారు. మా గుంపులో మొదటి ఏడాది నేనూ ఈ తప్పే చేయించాను, ఆరు నెలలు అందరి చేతా రెండు కిలోల సీసాలతోనే లాగించేశాను, చెమట పట్టింది, సరదాగా గడిచింది, ఎముకకు మాత్రం కొత్తగా ఏమీ అందలేదు. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక నోటు పుస్తకం ఉంది, తేదీ, బరువు, ఎన్నిసార్లు, మూడే గళ్ళు. రెండు కిలోలతో మొదలైన మా పక్కింటి పిన్ని ఏడాదిన్నరలో పద్దెనిమిది కిలోల బకెట్టు ఎత్తుతోంది, ఆవిడకి అరవై రెండు.

ఆ ఆస్ట్రేలియా ఆడవాళ్ళలా ఐదేసి సార్లు మాత్రమే వచ్చే పెద్ద బరువులు ఎత్తాలంటే మాత్రం ఒంటరిగా ఇంట్లో చేయకండి. బరంపురం, రాయగడ, శ్రీకాకుళం లాంటి చోట వెయిట్‌లిఫ్టింగ్ తెలిసిన కోచ్ దగ్గరికి వెళ్ళి, స్కాన్ కాగితం చూపించి నేర్చుకోండి.

నాలుగో అడుగు: కుదుపు

బరువుతో పాటు ఎముక ఇష్టపడేది చటుక్కున పడే కుదుపు. ఖోఖోలో మేం చేసేదంతా అదే, పరుగు, హఠాత్తుగా ఆగడం, పక్కకి తిరగడం, మళ్ళీ పరుగు. తిన్నగా పోయే నడకలో రోజూ ఒకే వైపు నుంచి పడే బరువు, ఇక్కడ అన్ని వైపుల నుంచీ పడుతుంది. 2022లో అల్టిమేట్ ఖోఖో మొదటి సీజన్ ఫైనల్లో ఒడిశా జగర్‌నాట్స్, తెలుగు యోధాస్ తలపడినప్పుడు మా ఇంట్లో ఎవరివైపు అరవాలో తెలియక కొట్టుకున్నాం, ఒడిశా ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఆ పిల్లల కాళ్ళు నేలని ఎలా తంతున్నాయో మళ్ళీ దొరికితే గమనించి చూడండి.

ఇందులో మంచి కబురేంటంటే ఎక్కువ చేయక్కర్లేదు. కొన్ని పదుల కుదుపులయ్యాక ఎముక కణాలు ఇక పట్టించుకోవు, మళ్ళీ స్పందించాలంటే కొన్ని గంటల విరామం కావాలి. గంటసేపు గెంతడం కంటే పొద్దున పది, సాయంత్రం పది, ఒక్కో గెంతుకి మధ్య అరనిమిషం ఆగి గెంతడం మేలు. ముట్లుడగని వయసు ఆడవాళ్ళు నాలుగు నెలలు ఇలా చేస్తే తుంటి ఎముకలో తేడా కనిపించింది. బ్రిటన్ నిపుణుల సలహాలో, ఎముక విరగనివాళ్ళకి వారంలో ఎక్కువ రోజులు యాభై దాకా మధ్యస్థ కుదుపులు చెప్పారు.

దీన్నీ మెల్లమెల్లగా పెంచండి. మొదటి నెల మడమ దెబ్బలు: వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, మడమలు నేలకి టపటపా తగిలేలా వదిలేయండి, పది నుంచి ఇరవై. రెండో నెల నుంచి నిలబడినచోటే పాదం గట్టిగా తాటించడం. అది బాగా అలవాటయ్యాక, మోకాళ్ళు ఒప్పుకుంటే, చిన్న గెంతులు, నేల మీద మోకాళ్ళు కొంచెం వంచి దిగాలి. నలభై లోపు వాళ్ళకి తాడాట, తొక్కుడుబిళ్ళ అన్నిటికన్నా చవక. వెన్నుపూస నలిగినవాళ్ళు, టీ స్కోర్ బాగా కిందున్నవాళ్ళు గెంతకూడదు, వాళ్ళకి చురుకైన నడక, మెట్లు ఎక్కడం చాలు. మూత్రం ఆగని ఇబ్బంది ఉన్నవాళ్ళు కూడా గెంతులు పక్కనపెట్టి ముందు డాక్టర్‌తో మాట్లాడండి, సిగ్గుపడి దాచుకుంటే వ్యాయామమే మానేస్తారు.

ఆట మంచిదన్నాను కదా అని అతి చేయకండి. పీవీ సింధు 2022 కామన్వెల్త్ బంగారం గెలిచిన వెంటనే ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి చీలికతో, ప్రపంచ చాంపియన్‌షిప్‌కి దూరమైంది. అంత తయారీ ఉన్న మనిషికే విశ్రాంతి కావాల్సి వచ్చింది. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే కలుక్కుమంటే, నడుస్తున్నకొద్దీ అది పెరుగుతుంటే ఆపేసి చూపించుకోండి. ఇంకోటి, ఆటలాడే అమ్మాయిలు సన్నబడాలని తిండి మానేసి నెలసరి ఆగిపోతే, "ఆటల్లో మామూలే" అని కోచ్ చెప్పినా వినకండి. తిండి చాలకపోతే ఎంత వ్యాయామం చేసినా ఎముక పోతుంది.

యోగా చేసేవాళ్ళకి ఒక మాట

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్ళు పశ్చిమోత్తానాసనం, హలాసనం, నేల మీద పడుకుని తలా కాళ్ళూ కలిపే కడుపు వ్యాయామాలు, అంటే వెన్ను బలంగా ముందుకి వంగేవన్నీ మానేయండి. 1984లోనే అమెరికాలో వచ్చిన ఒక పరిశీలనలో, వెన్ను ముందుకి వంచే వ్యాయామాలు చేసిన గుల్లబారిన ఎముకల ఆడవాళ్ళలో అత్యధికులకి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి, వెనక్కి లేపే వ్యాయామాలు చేసినవాళ్ళలో కొద్దిమందికే అలా అయింది. మా అమ్మ కూడా టీవీ చూసి వంగి కాలివేళ్ళు పట్టుకునేది, స్కాన్ వచ్చాక మాన్పించాను. బదులుగా బోర్లా పడుకుని పొట్ట కింద దిండు పెట్టుకుని, చేతులు పక్కన ఉంచి తల, ఛాతీ రెండంగుళాలు లేపి ఐదు సెకన్లు ఆపండి, ఎనిమిదిసార్లు. వృక్షాసనం, తాడాసనం హాయిగా చేసుకోవచ్చు.

తిండి, ఎండ, పొగాకు

బరువు పడితే ఎముక కట్టుకుంటుంది, కట్టడానికి సరుకు కావాలి. పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లుడిగిన ఆడవాళ్ళకి 1200 అని మన భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్క. ఈ ప్రాంతం వాళ్ళకి ఇదేమంత కష్టం కాదు. వంద గ్రాముల చోళ్ళలో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. కొరాపుట్, రాయగడ కొండల్లో మాండియా పేజ్ అని రోజూ తాగేదీ, మనం చోడి అంబలి అనేదీ ఒకటే గింజ. మా ఇళ్ళలోనే కాస్త డబ్బు రాగానే దాన్ని మానేసి తెల్ల అన్నం మీద పడ్డాం. గ్లాసు పాలు, కప్పు పెరుగు, చారెడు నువ్వులు, వారంలో రెండుసార్లు మునగాకు, ముళ్ళతో నమిలే చిన్న చేపలు, వీటితో చాలావరకు నిండుతుంది. పప్పు, గుడ్డు, చేప ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి, ఎముకలో మాంసకృత్తులు కూడా ఉంటాయి, ఉత్త సున్నం కాదది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు బంధువులున్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి: కిడ్నీ జబ్బు ఉంటే కాల్షియం, విటమిన్ డి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. కిడ్నీ పాడైతే ఎముకకి వచ్చే జబ్బు వేరు, దాని మందూ వేరు. మిగతావాళ్ళు కూడా విటమిన్ డి రక్తపరీక్ష చేయించుకున్నాకే మాత్ర జోలికి వెళ్ళండి. ఎండ మాత్రం అందరికీ ఉచితం, వడియాలు ఎండబెట్టే వేళకి చేతులూ కాళ్ళూ కాసేపు ఎండలో పెట్టండి.

అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగే అమ్మమ్మలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. నోటి క్యాన్సర్ సంగతి అందరూ చెబుతారు, పొగ ఎముకనీ తినేస్తుందని ఎవరూ చెప్పరు. గుడాఖు కూడా పొగాకే, దాన్నీ వదిలించండి. కొట్లాడితే మానరు, నేను మా పెద్దమ్మతో నాలుగు నెలలు బతిమాలి, రోజుకి ఐదు చుట్టల నుంచి ఒకటికి తెచ్చాను.

పడకుండా చూసుకోవడం

తుంటి విరిగేవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా పడటం వల్లే విరుగుతుంది. బాత్రూంలో గోడకి పట్టుకునే ఇనుప కడ్డీ, పెరట్లో పాచి రుద్దేయడం, రాత్రి మంచం నుంచి దొడ్డి దాకా దీపం, వెనక పట్టీ ఉన్న చెప్పులు. మా పెరటి గచ్చుకి గరుకు సిమెంటు వేయించడానికి ఒక పూట పట్టింది. మూడేళ్ళ ముందు ఆ పని చేయించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధే. కంటి పొర ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి, నిద్రమాత్రలు వాడుతుంటే అవి ఇంకా అవసరమో కాదో డాక్టర్ని అడగండి.

పిల్లల్ని వదిలేయకండి

ఎముక ఎక్కువగా కూడేది ముప్ఫై లోపు, అందులోనూ పదకొండు నుంచి పదిహేనేళ్ళ మధ్య. సరిగ్గా ఆ వయసులోనే మన ఆడపిల్లల్ని పెద్దమనిషైందని ఆట మాన్పించేస్తాం. నా దగ్గర ఖోఖో ఆడే పిల్లల్లో ఏడో తరగతి దాటాక సగం మంది రారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అమ్మల్ని కూర్చోబెట్టి, "యాభైలో దీనికి పనికొచ్చే డబ్బు ఇప్పుడే దాస్తోంది అప్పా, ఆపకు" అని చెబుతుంటాను. కొందరు వింటున్నారు.

ఏడాది తర్వాత

పాత ఎముక కరిగి కొత్తది గట్టిపడడానికి నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలకే స్కాన్ తీయించి దిగులుపడకండి. ఏడాది నుంచి రెండేళ్ళకి, మొదట తీయించిన మిషన్ మీదే మళ్ళీ తీయించండి, మిషన్ మారితే అంకెలు పోల్చలేం. ఈలోగా కుర్చీలోంచి ఎంత వేగంగా లేస్తున్నారో, ఒంటికాలి మీద ఎంతసేపు ఉంటున్నారో నెలకోసారి నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు.

అమ్మకి ఇప్పుడు 71. డాక్టర్ రాసిన మందు వాడుతోంది, కుర్చీ బస్కీ మూడు కిలోల బియ్యంతో చేస్తోంది, గోడ దండాలు, బోర్లా పడుకుని చేసేది, మెల్లగా మడమ దెబ్బలు, గెంతులు మాత్రం లేవు. రెండేళ్ళకి టీ స్కోర్ మైనస్ 3.1 నుంచి మైనస్ 2.8కి వచ్చింది. అందులో మందు వాటా ఎంత, బియ్యం వాటా ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను. నడక మానలేదు, నది ఒడ్డుకి ఇప్పటికీ వెళ్తోంది, చేతికర్ర పట్టుకుని. బట్టల బకెట్టు మాత్రం సగమే నింపి, తుంటి దగ్గర వంగి ఎత్తుతుంది, నేను చూస్తున్నానో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని.